పంక్చరు కాని టైరు కావాలా, హాయిగా నడిచే టైరు కావాలా?

మీరు అడిగినది ఇదీ: కొల్లూరు నుంచి నానక్‌రాంగూడ దాకా రోజూ హైబ్రిడ్ సైకిలు మీద ఆఫీసుకు వెళ్తున్నారు, ఒకవైపు 15 కిలోమీటర్ల చొప్పున. కొంత దూరం ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద, మిగతాది సర్వీసు రోడ్డు మీద. సైకిలుతో పాటు వచ్చిన 700×35 టైర్లు (700 చక్రం సైజు, 35 మిల్లీమీటర్లలో టైరు వెడల్పు) తరచూ పంక్చరవుతున్నాయి. ఒక మిత్రుడు "ష్వాల్బే మారథాన్ ప్లస్ వేయించు, మళ్లీ పంక్చరు మాట ఉండదు" అన్నారు. ఇంకొకరు "అది వేస్తే తొక్కలేక తొక్కలేక సైకిలే మానేస్తావు" అన్నారు. ఎవరి మాట వినాలి? మడ్‌గార్డులు తీయకుండా 40 ఎంఎం టైరు పడుతుందా అన్నది మీ రెండో ప్రశ్న.

ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ టైరు వేస్తే పంక్చర్లు దాదాపు ఆగిపోతాయి, సైకిలు బరువుగానూ నడుస్తుంది. కాకపోతే ఇద్దరూ అసలు అడగవలసినది అడగలేదు. ఇప్పటిదాకా మీ ట్యూబులో దిగినది ఏమిటి? ముల్లా, గాజు పెంకా, ఇనుప తీగా, లేక బయటినుంచి ఏదీ దిగకుండానే గాలి పోయిందా? అది తేలకుండా టైరు కొనడం డబ్బు దండగ.

కాబట్టి ఈసారి పంక్చరైనప్పుడు ట్యూబు మార్చేసి చేతులు దులుపుకోకండి. టైరు ఎక్కించేటప్పుడే దాని పేరు ముద్రించిన చోటు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టుకోండి. అప్పుడు ట్యూబులో రంధ్రం దొరకగానే టైరులో ఏ జానెడు మేర వెతకాలో తెలిసిపోతుంది. ట్యూబుకు గాలి కొట్టి నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. రంధ్రం రిమ్ము వైపు ఉంటే టైరు తప్పేమీ లేదు. రిమ్ములో చువ్వల రంధ్రాల మీద చుట్టే రిమ్ టేపు పక్కకు జరిగి, చువ్వ మొనో చువ్వ రంధ్రం అంచో ట్యూబును కోసిందన్నమాట. అలాంటి చక్రానికి ఎంత ఖరీదైన టైరు వేసినా పంక్చరవుతూనే ఉంటుంది, మంచి గుడ్డ టేపు చుడితే ఆ రోజుతో పీడ విరగడవుతుంది. పక్కపక్కనే రెండు గాట్లు జంటగా కనిపిస్తే గాలి తక్కువైన చక్రం గుంత అంచుకు కొట్టుకుని, రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగింది. వాల్వు మొదట్లో చిరిగితే పంపు తగిలించేటప్పుడు, తీసేటప్పుడు వాల్వును అటూ ఇటూ గుంజుతున్నారు. ఈ మూడింటిలో దేనికీ కొత్త టైరు అక్కర్లేదు.

నేలవైపు సూది మొనంత రంధ్రం ఉండి, టైరులో మాత్రం ఏమీ కనిపించకపోతే తీగను అనుమానించాలి. పెద్ద వాహనాల టైర్లు పేలినప్పుడు వాటి లోపలి ఉక్కు తీగలు పోగులు పోగులుగా విడిపోయి రోడ్డు వారకు చేరతాయి. సైకిళ్ల మీద మనం వెళ్లేదీ ఆ వారనే. ఆ తీగ వెంట్రుక కన్నా కాస్త లావు, పొడవు వేలి గోరంత కూడా ఉండదు. టైరులోకి దిగాక బయట ఆనవాలే ఉండదు. లోపల వేలితో తడిమినా ఒక్కోసారి తగలదు, మనిషి ఎక్కి కూర్చుని టైరు అణిగినప్పుడే దాని మొన లోపలికి పొడుచుకొస్తుంది. అందుకే కొత్త ట్యూబు వేసిన మర్నాడు మళ్లీ అదే చోట గాలి పోతుంది, మనం ట్యూబు నాసిరకమని దుకాణదారుణ్ణి తిట్టుకుంటాం. దీనికి దూది పనికొస్తుంది. చిన్న దూది ఉండతో టైరు లోపలంతా మెల్లగా రాస్తూ వెళ్లండి. తీగ ఉన్నచోట రెండు పోగులు చిక్కుకుని ఆగిపోతాయి. అక్కడ టైరును వెనక్కి విరిచి పట్టుకుంటే మొన బయటపడుతుంది, గోళ్లు తీసే కట్టరుతో పట్టి లాగేయవచ్చు. ఒట్టి వేళ్లతో వెతికేవాళ్లు గాజు పెంకు సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

గాజు తీరు వేరు. అది ఎక్కగానే ట్యూబు దాకా దిగడం అరుదు. పెంకు ముందు ట్రెడ్‌లో, అంటే నేలను తాకే పై రబ్బరులో, ఇరుక్కుంటుంది. 700×35 చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.17 మీటర్లు వెళ్తుంది, అంటే కిలోమీటరుకు 460 సార్లు ఆ పెంకు మీద మీ బరువు పడుతుంది. ప్రతిసారీ కాస్త కాస్త లోపలికి దిగి, ఏ రెండు మూడు రోజులకో ట్యూబును చేరుతుంది. వానాకాలంలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే తడిసిన రబ్బరును గాజు తేలిగ్గా కోస్తుంది, పైగా ఎక్కడెక్కడి చెత్తా నీటి వెంట రోడ్డు వారకు కొట్టుకొస్తుంది. ఆదివారం పూట చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, ట్రెడ్‌లో ఇరుక్కున్న పెంకులూ రాళ్లూ సూదితో గిల్లి పారేస్తే గాజు పంక్చర్లు సగానికి సగం తప్పుతాయని నా నమ్మకం. పైసా ఖర్చు లేని పని కాబట్టి ఎవరూ చేయరు.

ముళ్ల సంగతికి వస్తే, మన దగ్గర నల్లతుమ్మ, సర్కారు తుమ్మ, పల్లేరు ప్రధానం. తుమ్మ ముల్లు కొన్ని సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది, చెట్లు నరికి కంప ఈడ్చుకెళ్లిన దారిలో తప్పకుండా ఉంటుంది. పల్లేరు కాయ ఎండితే అయిదు ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ముక్కకూ గట్టి ముళ్లు ఉంటాయి, అది ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల సైకిలువాళ్లను ఏడిపించేదీ ఇదే మొక్క. సైకిలును మట్టి బాట మీదికి దించి గోడకు ఆనించే అలవాటుంటే మీ ముల్లు అక్కడే దొరికి ఉంటుంది, రోడ్డు మీద కాదు.

ఇక టైర్లలో రక్షణ ఎన్ని పేర్లతో అమ్మినా ప్రధానంగా రెండు పద్ధతులు. మొదటిది, ట్రెడ్ కింద వెక్ట్రాన్, అరమిడ్, నైలాన్ లాంటి గట్టి పోగుల పట్టీ. పలచగా, తేలికగా ఉంటుంది. గాజు కోతను బాగా ఆపుతుంది. కానీ సన్నని ముల్లో తీగో వస్తే పోగులు తెగనక్కర్లేదు, కాస్త జరిగి దారిచ్చినా చాలు, లోపలికి వెళ్లిపోతుంది. రెండోది, మెత్తని రబ్బరును మందంగా వేయడం. మారథాన్ ప్లస్‌లో ఈ పొర 5 మిల్లీమీటర్లు, మామూలు మారథాన్‌లో సుమారు 3. ఇక్కడ బలంకన్నా దూరమే రక్షణ: తీగ దిగుతుంది, కానీ ట్యూబును చేరేలోపే దాని పొడవు అయిపోతుంది. తీగకూ పల్లేరుకూ ఇదే సరైన మందు. పొడవాటి తుమ్మ ముల్లు నిటారుగా దిగితే మాత్రం 5 మిల్లీమీటర్లు కూడా చాలవు. "జన్మలో పంక్చరు కాదు" అనే మాటను ఆ మేరకు తగ్గించుకుని వినండి.

ఇప్పుడు నడక సంగతి. టైరుకు ప్రాణం దాని కేసింగ్, అంటే రబ్బరులో ముంచిన పోగుల పొర. అంగుళానికి ఎన్ని పోగులన్నది టీపీఐ. చవక టైర్లలో 30కి అటూ ఇటూ, మధ్యరకంలో 60, మంచి వాటిలో 120 ఉంటుంది. లావు పోగులైతే వాటి మధ్య సందులు నింపడానికి రబ్బరు ఎక్కువ కావాలి, పొర మందమవుతుంది. గోనెపట్టాకూ సన్నని నేత పంచెకూ ఉన్న తేడా లాంటిదే: ఒకటి బిగుసుకుని నిలబడుతుంది, ఇంకొకటి ఒంటికి ఒదుగుతుంది. కొన్ని కంపెనీలు మూడు పొరల పోగులనూ కలిపి లెక్క చెబుతాయి. కాంటినెంటల్ గేటర్‌స్కిన్ మీద 3/180 అని ఉంటే పొరకు 60 అని చదువుకోవాలి, 180 అని మురిసిపోకూడదు.

చక్రం తిరుగుతున్నప్పుడు నేలను తాకిన మేర టైరు అణుగుతుంది, లేచినప్పుడు మళ్లీ గుండ్రమవుతుంది. అణచడానికి మనం పెట్టిన శక్తిని రబ్బరు పూర్తిగా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. రబ్బరు ఎంత మందంగా ఉంటే అంత నష్టం. మందపాటి రక్షణ పొర ఉన్న టైరు బరువుగా నడవడానికి కారణం ప్రధానంగా ఇదే, చాలామంది అనుకున్నట్టు తూకం కాదు. తూకం కూడా తక్కువేమీ కాదు: మారథాన్ ప్లస్ మీ సైజులో సుమారు 900 గ్రాములు. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 రేసు టైరు 25 ఎంఎం అయితే 220 గ్రాముల దగ్గర ఉంటుంది. అయినా సమతలం మీద ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు బరువు అంతగా తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరినప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

నష్టం ఎంతో లెక్క వేద్దాం. మీరూ సైకిలూ సంచీ కలిపి 85 కిలోలు అనుకుందాం. మధ్యరకం టైరుకు దొర్లుడు నిరోధక గుణకం (బరువులో ఎంత వంతు దొర్లడానికి అడ్డుపడుతుందో చెప్పే అంకె) 0.005, మందపాటి దానికి 0.008 అనుకుంటే, తేడా రెండున్నర న్యూటన్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో అది 14 వాట్లు. నిటారుగా కూర్చుని అదే వేగంతో వెళ్లే మనిషి మొత్తం పెట్టే శక్తే 70 వాట్ల చుట్టుపక్కల. అంటే అదే కష్టానికి వేగం 18 కిలోమీటర్ల చిల్లరకు పడిపోతుంది, 15 కిలోమీటర్లకు 4 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాగితం మీద చూస్తే ఇదేం పెద్ద నష్టం కాదు. సాయంత్రం ఎదురుగాలిలో ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం ఆ 14 వాట్లూ మోకాళ్లకు తెలుస్తాయి.

అయితే అందరూ గమనించనిది ఒకటుంది. పంక్చరు ట్రెడ్ మధ్యలో అవుతుంది, నడక మాత్రం చాలావరకు పక్కల్లో ఉంటుంది. రోడ్డు గరుకును మింగేది టైరు పక్కలు వంగడమే. కాబట్టి ట్రెడ్ కింద మంచి పట్టీ ఉండి, పక్కలు మాత్రం పలచగా మెత్తగా ఉన్న టైరు దొరికితే రెండూ కొంతమేర కలిసివస్తాయి. పానరేసర్ పాసెలా లాంటివి ఈ తరహా. దుకాణంలో రిమ్ముకు ఎక్కించని టైరును చేతిలోకి తీసుకుని, పక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలపండి. తేలిగ్గా మడత పడి, వదలగానే సర్దుకుంటే మంచి నడక ఉంటుంది. అట్ట ముక్కను వంచినట్టు ఎదురు తిరిగితే, పైన ఎన్ని బొమ్మలు వేసి ఎన్ని పేర్లు ముద్రించినా దాని నడక మొద్దే. బురద రాళ్ల దారుల్లో తిరిగేవారికి ఈ సలహా వర్తించదు, వారికి పలచటి పక్కలు రాళ్లకు చిరుగుతాయి. మీ దారి తారు, సిమెంటు కాబట్టి ఆ భయం లేదు.

గాలి టైరు పుట్టిందే ఒళ్లు అదరకుండా ఉండడానికి. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి దాన్ని తయారుచేశాడు. అంతకుముందు గట్టి రబ్బరు టైర్లే, వాటికి పంక్చరే లేదు. మరుసటి ఏడాదే విల్లీ హ్యూమ్ అనే రేసరు గాలి టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేల్లో గెలిచాక జనానికి తెలిసింది, కుదుపు తగ్గితే వేగమూ పెరుగుతుందని. కుదుపులో పోయేది మన శక్తే. ఈ పాఠాన్ని సైకిలు లోకం చాలాకాలం మరిచి, 23 ఎంఎం సన్న టైర్లలో రాయిలా గాలి బిగించి తిరిగింది. రేసు సైకిళ్లు ఇప్పుడు మళ్లీ 28, 30 ఎంఎంకు వచ్చాయి. "పంక్చరే కాదు" అంటూ ఇప్పుడు అమ్మే గాలి లేని టైర్ల గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు, అవి 1888కి ముందు కాలానివి.

ఇక మీ ప్రశ్నలో మీరు రాయని విషయానికి వస్తాను: మీరు ఎంత గాలి కొడుతున్నారు? టైరు పక్కన 75 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది కదా అని అంతా కొట్టిస్తుంటే, అది గరిష్ఠ పరిమితి, సలహా కాదు. టైరు బిగుతు గాలి ఒత్తిడినీ, టైరు వెడల్పునూ కలిపి తేలుతుంది. 35 ఎంఎం టైరులో 75 పీఎస్ఐ అంటే, 25 ఎంఎం రేసు టైరులో 105 కొట్టినంత బిగుతు. అంత బిగుసుకున్న టైరు చిన్న పెంకు మీద పడినప్పుడు అణిగి తప్పుకోలేదు, పొడిపించుకుంటుంది. మీ బరువుకు వెనక 50, ముందు 42 నుంచి మొదలుపెట్టండి. గుంతలో రిమ్ము నేలకు తగిలిన చప్పుడు వస్తే మూడేసి పెంచండి. బొటనవేలితో నొక్కి చూసే పద్ధతి మానేసి గేజీ ఉన్న నిలువు పంపు కొనండి. బంకులో, మోటారు సైకిళ్ల పంక్చరు షాపులో కొట్టే గాలి క్షణంలో నిండిపోతుంది, ఎంత నిండిందో వాళ్లకే తెలియదు. మామూలు బ్యుటైల్ ట్యూబు వారానికి కొన్ని పీఎస్ఐలు వదులుతుంది, కాబట్టి వారానికోసారి చూసుకుంటే సరిపోతుంది.

ఈ ఒక్క మార్పుతో ఇప్పుడున్న టైర్లకే నడక ఎంత మారుతుందో చూసి, ఆ తరువాత కొనడం గురించి ఆలోచించండి. కొనేటప్పుడు రెండు చక్రాలకూ ఒకే టైరు ఉండాలన్న నియమం ఏమీ లేదు. వెనక చక్రం మీద బరువు ఎక్కువ, పైగా ముందు చక్రం లేపి నిలబెట్టిన మేకు వెనకదానికి గుచ్చుకుంటుంది. అందుకే పంక్చర్లు వెనకే ఎక్కువ, విప్పి బిగించడంలో గొలుసు, గేర్ల తలనొప్పీ వెనకే. చేతులకు తగిలే అదురు మాత్రం ముందునుంచి వస్తుంది. నేనైతే వెనక 3 మిల్లీమీటర్ల పొర ఉన్న మామూలు మారథాన్ తరహా టైరు, ముందు పక్కలు మెత్తగా ఉన్న తేలిక టైరు వేస్తాను. దూదితో వెతికి తీగలే కారణమని తేలితే, అప్పుడు వెనకకు మాత్రమే మారథాన్ ప్లస్ వేయండి. ముందుకు వద్దు. రోజంతా సైకిలు మీదే డెలివరీ పని చేసేవారు, చీకటి దారిలో ఆగి విప్పలేనివారు, విప్పడం ఇష్టంలేనివారు అడిగితే మాత్రం నడక సంగతి పక్కనపెట్టి రెండింటికీ అదే వేసుకోమంటాను. వాళ్లకు ఒక పంక్చరు ఖరీదు నాలుగు నిమిషాల కన్నా చాలా ఎక్కువ.

ట్యూబుకూ టైరుకూ మధ్య వేసే ప్లాస్టిక్ పట్టీలు ముళ్లను ఆపుతాయి గానీ, పట్టీ కొస కలిసేచోట రాపిడికి ట్యూబు అరిగి చిల్లు పడుతుంటుంది. వేసుకోక తప్పదంటే కొసను గుండ్రంగా కత్తిరించి, ఆకురాయితో నునుపు చేసి వేయండి. ట్యూబ్‌లెస్ మంచిదే, ముళ్లకు అంతకన్నా మంచిది లేదు. లోపలి ద్రవం చిన్న రంధ్రాలను అక్కడికక్కడే మూసేస్తుంది, మందపాటి పొర అవసరం లేకుండా మెత్తని టైరు వేసుకోవచ్చు. కానీ దానికి తగిన రిమ్ము ఉండాలి, మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోసుకోవాలి. ఉన్న రిమ్ములు సరిపోకపోతే ఆఫీసుకు వెళ్లే సైకిలు కోసం చక్రాలు మార్పించమని చెప్పను.

రెండో ప్రశ్నకు: 40 ఎంఎం పడుతుందో లేదో కొలిస్తే తెలుస్తుంది, సైకిలు మోడల్ పేరు చెబితే తెలియదు. 35 నుంచి 40కి వెళ్తే టైరు ఎత్తు ఇంచుమించు 5 ఎంఎం, ప్రతి పక్కకూ రెండున్నర ఎంఎం పెరుగుతుంది. ఇప్పుడున్న టైరుకూ ఫ్రేముకూ మధ్య, వెనక పెడళ్ల దగ్గర చక్రం దూరే సందులో, 6 ఎంఎం ఎలెన్ కీ రెండు పక్కలా తేలిగ్గా దూరితే ఫ్రేము వరకు ఇబ్బంది లేదు. మడ్‌గార్డు టైరు కన్నా ఒక సెంటీమీటరు వెడల్పు ఉండాలి, అంటే 40కి 50 ఎంఎం మడ్‌గార్డు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇప్పుడు ఎత్తులో ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ ఉంటే సరి, లేకపోతే వానాకాలంలో బురదతో పాటు వచ్చిన చిన్న కంకర రాయి అక్కడ ఇరుక్కుని చక్రాన్ని పట్టేస్తుంది. కొలతలు కుదరకపోతే 37 చూడండి. 40 అని రాసిన టైరు మీ రిమ్ము సన్ననిదైతే 38కే ఆగవచ్చు, కాబట్టి దుకాణంలో ఒకటి ఎక్కించి, గాలి నింపి, కొలిచాకే రెండోదానికి డబ్బు ఇవ్వండి.